బోర్లించిన గ్లాసులు

మా వీధి చివర టీ బండివాడు గ్యాస్ అయిపోయినప్పుడల్లా పాత కిరసనాయిలు స్టవ్వు బయటికి తీస్తాడు. దాన్ని ఆర్పగానే ఒత్తుల్లోంచి ఒక ఘాటైన వాసన లేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను కాస్త దగ్గరికి జరుగుతాను. ఆ వాసనలో నాకు దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమాలో కొండల కింద ఉన్న రేకుల క్యాంపూ, అందులో తిరుగుతున్న ఖాదర్ మాస్టారూ కనిపిస్తారు. వాసనలో మనుషులు కనిపించడం డాక్టరుకు చెప్పాల్సిన లక్షణమో కాదో ఇంకా కనుక్కోలేదు.

ఎనభైల మొదట్లో ఆ క్యాంపులో నేను గుమాస్తాను. చరిత్రలో బి.ఏ. చదివినవాడి కోసం ఎడారి అంతకు మించి ఏమీ దాచిపెట్టలేదు. ఖాదర్ మాస్టారు క్యాంప్ బాస్. అంటే కూలీల మంచాలు, నీళ్ళు, తిండి, తగాదాలు ఆయన పాలన కింద ఉండేవి. నెల్లూరు హైస్కూల్లో చాలాకాలం సోషల్ పాఠాలు చెప్పి వచ్చిన మనిషి. బ్రిటిష్‌వాళ్ళు ఆ దేశం వదిలి వెళ్ళి అప్పటికి పదేళ్ళు కావస్తోంది కానీ మా కంపెనీకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. మా ముదీర్, అంటే మేనేజరు, ఇంగ్లిష్‌వాడే.

చేరిన కొత్తలోనే మాస్టారు నాకు పరీక్ష పెట్టారు. “ఏమయ్యా బి.ఏ., అమెరికాలో వలసవాళ్ళు ఇంగ్లండు మీద ఎందుకు తిరగబడ్డారు?”

గైడులో ఉన్న ఐదు కారణాలూ అదే వరసలో అప్పజెప్పాను. పన్నులతో మొదలుపెట్టి టీ మీదుగా సైన్యం దాకా వెళ్ళాను.

“మార్కులు వేసుకో. ఇంతకీ ఆ టీ ధర పెరిగిందా, తగ్గిందా?”

“పెరిగే ఉంటుంది మాస్టారూ.”

“తగ్గింది. పన్ను కలుపుకున్నా చవగ్గానే వచ్చింది. అయినా తాగలా. ఎందుకంటే వాళ్ళనడగలా. ఆ పార్లమెంటులో వాళ్ళ తరఫున నోరెత్తేవాడు ఒక్కడూ లేడు. విడిపోదామని మొదట్లో ఎవురూ అనుకోలేదబ్బా. మేము రాజుగారి బిడ్డలమే అని ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకున్నారు. అర్జీకి జవాబు రాలా, సైన్యం వచ్చింది. ఇంక మీకూ మాకూ ఖలాస్ అని రాసి పంపించారు.”

నాకు డిగ్రీ ఇచ్చినవాళ్ళు ఇదంతా చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజు నేను అలా దొరికిపోయి ఉండను.

మా క్యాంపులో ప్రతి గదికీ ఒక కిరసనాయిలు స్టవ్వు ఉండేది. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్ళు పని దిగగానే దాని చుట్టూ కూర్చుని ఎవరి చాయ్ వాళ్ళు కాచుకునేవారు. ఇంతలో మరో క్యాంపులో స్టవ్వు అంటుకుని గదులు తగలబడ్డాయి. గదుల్లో స్టవ్వులు ఉండకూడదనీ, బదులుగా రెండు పూటలా మెస్సులో ఉచితంగా టీ పోస్తామనీ కంపెనీ ఉత్తర్వు. న్యాయంగా చెప్పాలంటే మంచి ఉత్తర్వే. మనవాళ్ళు స్టవ్వులు గోడ బయట పెట్టుకుంటామని అడిగారు. మాస్టారు ఆ మాట దుబాయ్ ఆఫీసుకు చేర్చారు. జవాబు లేదు. మళ్ళీ ఫోన్ చేశారు. చూస్తామన్నారు. ఏం చూశారో గానీ, ఒకరోజు అందరూ సైట్‌లో ఉండగా పికప్ వచ్చి స్టవ్వులన్నీ ఎత్తుకుపోయింది. మాస్టారు ఆగమంటున్నా డ్రైవరు ఆగలేదు.

సాయంత్రం మెస్సులో టీ సిద్ధంగా ఉంది. మనుషులు వచ్చారు, కూర్చున్నారు, ఒక్కొక్కరే స్టీలు గ్లాసు బల్ల మీద బోర్లించారు. ఎవరూ గొంతు పెంచలేదు. మాస్టారు వాళ్ళలో పెద్దవాడైన తాపీమేస్త్రీ మల్లయ్య దగ్గరికి వెళ్ళారు.

“ఏంది మల్లయ్యా, చాయ్ బాగలేదా?”

“మస్తుగున్నది ఖాదర్ సాబ్. మాకద్దు.”

“ఊరికే పోస్తుంటే తాగడానికేమయ్యా?”

“మా అత్తగారింట్ల గూడ ఊరికేనే పోస్తరు సాబ్. పోసే ముందు, తాగుతవా బిడ్డా అని ఒక్క మాట అడుగుతరు.”

మాస్టారు నా వైపు తిరిగారు. “చూశావా బి.ఏ.? అమెరికావాళ్ళు టీ సముద్రంలో పారబోశారు. మనవాళ్ళు మర్యాదస్థులు.”

మర్నాడు పొద్దున గ్లాసులు బోర్లాగానే ఉన్నాయి. సైట్‌కు వెళ్ళే బస్సులు ఖాళీగా ఉన్నాయి. అక్కడ పని ఆపినవాడికి దొరికేది ఇంటికి టికెట్టు. ఆ టికెట్టు మీద వెళ్ళినవాడు మళ్ళీ ఆ దేశం ముఖం చూడడు. మల్లయ్యకు అది తెలుసు, అయినా మంచం మీంచి లేవలేదు.

మధ్యాహ్నానికి ముదీర్ దిగాడు. గదిలో మాస్టారూ, నేనూ.

“వీళ్ళ నాయకుడెవరు?” అన్నాడు.

“నాయకుడు లేడు సర్. టీ ఉంది.”

“పేరు చెప్పు. లేకపోతే ఈ కుర్చీ నీది కాదు.”

మాస్టారు కాసేపు కుర్చీ వైపు చూశారు. “సర్, పోయినసారి టీ దగ్గర మీవాళ్ళు ఇలాగే పట్టుబడితే ఒక ఖండం పోయింది. ఇక్కడ ఒప్పుకుంటే పోయేది గోడ బయట ఒక రేకుల షెడ్డు ఖర్చే.”

ముదీర్ నవ్వలేదు. నేను నవ్వు ఆపుకోవడమనే విద్య ఆ గదిలోనే నేర్చుకున్నాను. ఒకణ్ణి పంపాలంటే పేరు కావాలి, అందరినీ పంపాలంటే కట్టడం ఆగిపోవాలి. చివరికి పంపడానికి దొరికింది మాస్టారే. ఆయనను ఫుజైరాలో రాళ్ళ క్వారీ దగ్గర స్టోరుకు మార్చారు. కుర్చీ నాకిచ్చారు.

జీపు ఎక్కుతూ ఆయన ఒక్కటే చెప్పారు. “ముందు వాళ్ళనడుగు. ఆర్డరు తర్వాత చదువుకోవచ్చు.”

నేరుగా మల్లయ్య గదికి వెళ్ళాను. “గదిలో స్టవ్వు పెడితే ప్రమాదం. మరెక్కడ పెట్టుకుందాం? మీరే చెప్పండి.”

“గంతేనా? మొదలే చెప్తిమి గద, గోడ అవుతల నాలుగు రేకులేస్తే అయిపాయె. గీ ముచ్చట కంపెనోళ్ళు మొదలే అడిగితే, ఆ పెద్దమనిషి ఫుజైరా ఎందుకు పోతుండె?”

రేకుల షెడ్డుకు ముదీర్ సంతకం పెట్టాడు, బహుశా ఖండం సంగతి గుర్తొచ్చి. స్టవ్వులు తిరిగొచ్చాయి. బస్సులు నిండాయి. ఆ వారంలోనే మనవాళ్ళు మెస్సు టీ కూడా తాగడం మొదలుపెట్టారు. మల్లయ్యకు అదే ఎక్కువ నచ్చిందని తర్వాత తెలిసింది.

మాస్టారిని ఆ తర్వాత ఒక్కసారే ఫుజైరాలో కలిశాను. రాతిదుమ్ములో తెల్లబడి ఉన్నారు. టీ కాచి, చెంచా పట్టుకుని “చక్కెరెంత?” అని అడిగి, నేను చెప్పేదాకా ఆగారు. క్యాంపు గురించి ఒక్క మాటా అడగలేదు. అప్పటినుంచీ నా కింద ఎందరో పనిచేశారు, కొన్ని ఉత్తర్వులు నేనూ ఇచ్చాను. ఇచ్చేముందు ఎప్పుడూ ఆ చెంచా గుర్తొచ్చేది.

ఇందాక టీ బండివాడు గ్లాసు అందిస్తూ “పెద్దోరు గదా సార్, చక్కెర లేకుండా పోశాను” అన్నాడు. ఒక గుక్క తాగాను. బాగుంది. మా డాక్టరు చెప్పేదీ చక్కెర వద్దనే. మిగిలింది కాలవలో ఒంపి, గ్లాసు బండి మీద బోర్లించాను.

“బాగలేదా సార్?”

“చాలా బాగుంది. నాకొద్దు.”

అతను ఒక్క క్షణం నన్నూ గ్లాసునూ చూశాడు. గ్లాసు తిప్పి, కడిగి, చక్కెర డబ్బా మూత తీశాడు.

“ఎంతెయ్యమంటారు?”

“వద్దు,” అన్నాను. “చక్కెర లేకుండానే పొయ్యి.”