తవుడిచ్చి నన్ను కొనుక్కున్న అమ్మ

మొన్న కార్తీక సోమవారం పొద్దున్నే తులసి దగ్గర దీపం పెట్టి లేస్తుంటే ఫోను మోగింది. కొల్లేటి ఒడ్డున మా పుట్టింటి పక్కింటావిడ పెద్దబ్బాయి. నాకు అన్నయ్య వరస. "చెల్లాయ్, అమ్మ వెళ్లిపోయిందమ్మా. రాత్రి పెరుగన్నం తిని పడుకుంది. తెల్లారి లేవలేదు" అన్నాడు. మా ఆయన బయటికొచ్చి "ఏమైందే?" అని అడిగితే "మా కొన్నమ్మ" అన్నాను. ఆయనకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. చదివేవాళ్లకు మాత్రం చెప్పాలి.

నా పేరు తవిటమ్మ. ఈ రోజుల్లో ఏ తల్లీ తండ్రీ తమ బిడ్డకు పెట్టుకోని పేరు. నేను పుట్టిన రోజుల్లో కూడా సరదాపడి పెట్టుకున్నవాళ్లు లేరు. నాకు ముందు మా అమ్మకు పుట్టిన పిల్లలెవరూ నిలవలేదు. అందుకని నేను పుట్టగానే నన్ను చేటలో పడుకోబెట్టి, పెరట్లో పెంటకుప్ప పక్కన పెట్టి వచ్చేశారు. అక్కర్లేక పారేసిన బిడ్డ అనుకుని యముడు పట్టించుకోడన్నమాట. పక్కింటావిడ వచ్చి నన్ను ఎత్తుకుని, మా అమ్మ కొంగులో చేటెడు తవుడు పోసి కొనుక్కుంది. ఆవిడకు పుట్టిన పిల్లలందరూ చక్కగా బతికి ఉన్నారు. ఆ చెయ్యి మంచిదని ఊళ్లో నమ్మకం. ఆ పూటంతా తన ఇంట్లో ఉంచుకుని, సాయంత్రం మళ్లీ అమ్మకు అప్పగిస్తూ "ఇది నా పిల్ల. నువ్వు నాకు పెంచి పెట్టు" అందట. నన్ను కొన్న అమ్మ కాబట్టి కొన్నమ్మ.

మా అమ్మ ఆ మాటను పూర్తిగా నమ్మింది. ఎవరైనా నన్ను చూసి "పిల్ల ముద్దుగా ఉందండీ" అంటే, వెంటనే "మాది కాదండీ, పక్కింటివాళ్ల పిల్ల" అనేది. నాకు కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు, కొన్నమ్మ గోడ అవతలి నుంచే కేకలేసేది. "ఏమ్మా, నా పిల్లని నీకిచ్చింది ఇలా చూసుకోవడానికేనా? కషాయం పట్టావా లేదా?" అమ్మ కొంగు సర్దుకుని "పట్టానండీ వదినగారూ, పట్టాను" అని జవాబు చెప్పుకునేది. ఇద్దరు అమ్మలూ నా మీద అలా పోట్లాడుకుంటుంటే నాకు లోపల్లోపల భలే గర్వంగా ఉండేది.

బళ్లో చేరాక ఆ గర్వం దిగింది. హాజరు పిలిచేటప్పుడు నా పేరు రాగానే వెనక బెంచీలో ఎవరో ఒకరు గేదెలా అరిచేవారు. ఒకరోజు ఏడుస్తూ ఇంటికి కాకుండా నేరుగా కొన్నమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ వాకిట్లో కూర్చుని చేపలు తోముతోంది. చేతులు కడుక్కోలేదు, నన్ను దగ్గరికి తీసుకోలేదు. తలెత్తి చూసి అంది:

"నీ పేరు వింటే మొహం తిప్పుకోవాలనే కదే పెట్టాం. ఆ పిల్లలు తిప్పుకున్నారు. తిప్పుకోవాల్సినవాడూ తిప్పుకున్నాడు. లోపలికెళ్లి అన్నం తిను."

వెళ్లి తిన్నాను. ఆ మాట అప్పుడు సగమే అర్థమైంది.

పదో తరగతి అయ్యాక తాడేపల్లిగూడెం సంబంధం వచ్చింది. మా అత్తగారు మంచి మనిషి. కాకపోతే శుభలేఖలో ఈ పేరు వేయించడానికి ఆవిడకు మనసొప్పలేదు. "ఏ లక్ష్మి అనో, సరస్వతి అనో వేయిద్దామండీ, పెళ్లయ్యాక అలాగే పిలుచుకుంటాం" అని మెల్లగా అడిగారు. మా నాన్న నీళ్లు నములుతున్నాడు. అరుగు మీద కూర్చున్న కొన్నమ్మ అందుకుంది. "ఏవండీ వదినగారూ, పిల్లని మీకిస్తున్నాం. పేరు ఇస్తామని ఎక్కడా అనలేదే. పేరు మాత్రం నాదండీ." అందరూ నవ్వేశారు. మా అత్తగారూ నవ్వారు. శుభలేఖలో తవిటమ్మ అనే పడింది. అత్తగారు నన్ను చివరి వరకూ "అమ్మాయ్" అనే పిలిచారనుకోండి. అది వేరే సంగతి.

పెళ్లయ్యాక ఎప్పుడు పుట్టింటికి వెళ్లినా, గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడ పలకరింపు ఒక్కటే. "ఏమే తవుడూ, బతికే ఉన్నావా?" కొత్తవాళ్లు విని ఉలిక్కిపడేవారు. నాకు మాత్రం ఏ గుళ్లో తీర్థం తీసుకున్నా అంత చల్లగా ఉండేది కాదు.

ఆవిడకు నేను ఎక్కువగా రుణపడింది మా అమ్మాయి విషయంలో. మా అమ్మాయి, అల్లుడు ఏలూరులో ఉంటారు. అమ్మాయికి మొదటి కాన్పు కడుపులోనే పోయింది. తర్వాత పుట్టిన బాబు నెల తిరక్కుండానే పోయాడు. మూడోసారి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టడంతో ఆస్పత్రిలో గాజు పెట్టెలో పెట్టారు. ఆ గది బయట కుర్చీలో కూర్చుని నేను చదవని స్తోత్రం లేదు. ఎన్ని చదివినా ధైర్యం రాలేదు. చివరికి అమ్మాయితో అనేశాను. "దీనికి కూడా తవిటమ్మ అని పెడదామే. లేకపోతే పెంటమ్మ అని."

అది మంచం మీద నుంచి నా వైపు తిరిగింది. "అమ్మా, ఈ మాట నువ్వే అంటున్నావా? బళ్లో గేదెలా అరిచారని మాకు చెప్పింది నువ్వే కదా."

మా అల్లుడు నెమ్మదస్తుడు. "అత్తయ్యగారూ, ఆధార్ కార్డులో ఆ పేరు చూసుకుంటే రేపు పాప మనల్నే కోప్పడుతుందండీ" అన్నాడు. వాళ్లు అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ నా భయం నన్ను వదల్లేదు. వరండాలోకి వెళ్లి కొన్నమ్మకు ఫోను చేశాను. "నన్ను కొన్నావు కదా. దీన్నీ కొని పేరు పెట్టు. నువ్వు చెబితే అమ్మాయి కాదనదు." ఆవిడ "వస్తాను" అని మాత్రం అంది.

ఆ వయసులో ఎండలో బస్సెక్కి ఏలూరు వచ్చింది. సంచిలో తవుడు మూట ఉంటుందని చూశాను. స్టీలు డబ్బా ఒకటే ఉంది. అప్పటికి పాపను పెట్టెలోంచి తీసి తల్లి పక్కన పడుకోబెట్టారు. కొన్నమ్మ చేతులు కడుక్కుని మంచం అంచున కూర్చుని "ఏం పేరు అనుకున్నారే?" అని అమ్మాయిని అడిగింది. అది చెప్పింది.

"అబ్బో, నా నోటికి రాదు గానీ బాగుంది. అదే పెట్టుకోండి."

నేను అడ్డం పడ్డాను. "కొన్నమ్మా, అదేంటి!"

"ఉండవే. నువ్వు పుట్టినప్పుడు మన ఊళ్లో ఏముంది చెప్పు? వానాకాలం వస్తే రోడ్డు నీళ్లలో ఉండేది. పిల్లకి జొరమొస్తే పడవెక్కించి ఆకివీడు ఆస్పత్రికి చేర్చేసరికి అంతా అయిపోయేది. మా చేతిలో ఒక్క పేరే ఉంది. ఉన్నదాన్నే నీకు అడ్డం పెట్టాం. దీనికి డాక్టరమ్మ ఉంది, ఆ గాజు పెట్టె ఉంది, నీ పూజలున్నాయి. ఇంకా పేరు కూడా అడ్డం పెట్టడం ఎందుకే?"

నాకు ఏడుపు వచ్చేసింది. ఆవిడ నన్ను చూసి అమ్మాయి వైపు తిరిగింది. "మీ అమ్మ భయాన్ని మాత్రం నేను తీసుకుపోవాలి. బిడ్డని ఒక్కసారి నాకు అమ్మవే. పేరు జోలికి రాను."

మా అమ్మాయి నా వైపు చూసింది. కాన్పు అయ్యాక మొదటిసారి దాని మొహంలో నవ్వు చూశాను. "తవుడు తెచ్చావా అమ్మమ్మా?"

"ఏలూరు బస్సులో తవుడెవరు తెస్తారే?" అని డబ్బా మూత తీసింది. బాలింతకని చేసిన సున్నుండలు. ఒకటి తీసి దాని చేతిలో పెట్టింది. "తీసుకో. మీ అమ్మకి పెట్టినదానికంటే నీ పిల్లకి ఎక్కువే పెట్టాను."

బిడ్డను ఎత్తుకుని గుండెకు ఆనించుకుంది. అప్పుడే నర్సు వచ్చి "ఏంటండీ, పాపని అలా చేతులు మారుస్తున్నారు?" అంది.

"బేరమమ్మా. అయిపోయింది. ఇదిగో, పెంపకానికి తల్లికే ఇచ్చేస్తున్నా" అంటూ మళ్లీ పక్కన పడుకోబెట్టింది. ఆ రాత్రి నేను నిద్రపోయాను. పాప బరువు పెరిగింది, ఇంటికి వచ్చింది, నడిచింది. ఇప్పుడు బడికి కూడా వెళ్తోంది. డాక్టర్ల పుణ్యమా, దేవుడి దయా అంటే రెండూ అంటాను. కానీ ఆ గదిలో నా కూతురు మాట నెగ్గించి, నా ప్రాణానికీ ఊరట ఇచ్చినది ఆవిడే.

ఆ సోమవారం మేము చేరేసరికి కొన్నమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. మా అమ్మాయి కూడా ఏలూరు నుంచి పాపను తీసుకుని వచ్చింది. కర్మ చేయించే పెద్దాయన "ఇంటివాళ్లు, పిల్లలు వచ్చి చివరిసారి బియ్యం వేయండి" అన్నాడు. కొడుకులు, కూతుళ్లు వేశారు. నేను వెనక నిలబడ్డాను. అన్నయ్య చూసి "రా చెల్లాయ్, నువ్వు పిల్లవి కాదా?" అన్నాడు. వెళ్లి వేశాను.

నేను పక్కకు జరుగుతుంటే జనంలోంచి నెరిసిన గడ్డం ఉన్న ఒకాయన చెప్పులు విడిచి ముందుకొచ్చాడు. చేపల లారీ నడుపుతాడట. "నా పేరు పెంటయ్యండీ. నన్నూ కొన్నారండీ" అన్నాడు. ఆయన వెనక ఒక పెద్దావిడ వచ్చింది, కుప్పమ్మ. ఆ వెనక కర్ర పట్టుకుని పుల్లయ్య. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చారు. ఆవిడ కొన్నది నన్నొక్కదాన్నే అని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. పెద్దాయన ఒక్కొక్కరి చేతా బియ్యం వేయిస్తూ పేరు అడుగుతున్నాడు. వాళ్లు గొంతు తగ్గించకుండా చెబుతున్నారు. ఆ వరస వాకిలి దాటి చెరువు గట్టు దాకా పోయింది.

చివర్లో మా అమ్మాయి నిలబడి ఉంది. దాని చంకలో నా మనవరాలు, ఒక్క బియ్యపు గింజ కూడా జారనివ్వకుండా గుప్పిట బిగించి, తన వంతు ఎప్పుడొస్తుందా అని ముందుకు వంగి చూస్తోంది.