మంచుదేశపు పడవ, ఐదు పాచికలు

ఈ రోజు మా ఇంట్లో ఒక పుస్తకం మీద యుద్ధానికి దిగాను. మా అమ్మాయి కీర్తన ఐదుగురు స్నేహితురాళ్లతో పాచికలేసి కథ నడిపే ఆట ఆడిస్తుంది. ఉత్తర ఐరోపావాళ్ల నార్స్ పురాణాల పోలికలో తానే ఒక మంచుదేశం కల్పించుకుని, కొన్న రూల్స్ పుస్తకాన్ని దానికి తగ్గట్టు పెన్సిలుతో మారుస్తోంది. పాచికలు, పైగా అన్యదేవతలు! బైబిలు చంకలో పెట్టుకునే వెళ్లి ఆపేయమన్నాను.

"నచ్చనిది మార్చుకోమని మొదటి పేజీలోనే రాసుండారు నాయనా."

మార్చుకోమనే గ్రంథాన్ని నేనెన్నడూ చూడలేదు. లాక్కుని చదివాను. కథలో సముద్రం దాటాలంటే, నాయకుడు ఒక్క పాచిక వేస్తే పడవ ఒడ్డు చేరుతుందట!

"ఎవురు రాసినారమ్మా ఇది? మన బోగోలు ఒడ్డున అల దాటాలంటే అందరూ ఒక్కసారే తెడ్డెయ్యాల. ఒక్కరు తప్పినా బోల్తా! కొట్టెయ్ దీన్ని."

"అయితే ఐదుగురి చేతా వేయిస్తా. ఒక్కరు తప్పినా ఆరు నెల్ల కథ మునిగినట్టే, సరేనా?"

సాయంత్రం నలుగురి పాచికలూ అనుకూలించాయి. ఐదోది దొర్లుతుంటే చేతులు జోడించాను. పడవ ఒడ్డెక్కగానే వీధంతా వినబడేలా "స్తోత్రం!" అని కేకేశాను.

అన్యదేవతలకు మొక్కేవాళ్ల పడవ మునగకూడదని నిజంగానే ప్రార్థించాను. తప్పంటారా? చెప్పండి.