చుక్క కొట్టించిన కంచం

నా కూతురి చేతుల మీద మచ్చలు మొదలైనప్పుడు దానికి నాలుగేళ్లు. బియ్యపు గింజంత తెల్లవి కొన్ని, ఆవగింజంత నల్లవి కొన్ని, మణికట్టు నుంచి వేళ్ల దాకా చల్లినట్టు. దురద లేదు, నొప్పి లేదు. అవే మచ్చలు మా అత్తమ్మ చేతుల మీదా పాదాల మీదా ఉన్నాయి. రోజూ పిల్లకు అన్నం కలిపి తినిపించేది ఆవిడే. నేను ఇంకేం ఆలోచించలేదు. ముసలిదాని చేతి నుంచి పిల్లకు అంటుకుంది అనుకున్నాను.

మాది బన్సీలాల్‌పేట్‌లో రెండు గదుల ఇల్లు. అంత చిన్న ఇంట్లో మనిషిని వేరు పెట్టడం తేలిక కాదు. అయినా పెట్టాను. గిన్నెల దుకాణంలో ఒక స్టీలు కంచం కొన్నాను. పేరు చెక్కాలా అని దుకాణం అతను అడిగాడు. చెక్కితే చదవడం నాకు రాదు. అంచు మీద ఒక చుక్క కొట్టమన్నాను.

అత్తమ్మ ఆ చుక్కను వేలితో తడిమి చూసింది.

“గిదేంది?”

“నీ కంచం. ఇగ పిల్లకు నువ్వు తినిపియ్యకు. నేను చూస్కుంట.”

“నా చేతి బువ్వ తినే నీ మొగడు గింత పెరిగిండు. ఆనికేమైంది?”

ఆయన చేతుల మీదా మచ్చలున్నాయి. కానీ ఆయన తాపీమేస్త్రీ. అవి సిమెంటు తిన్న మచ్చలని పెళ్లయిన కొత్తలోనే నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాటే అత్తమ్మకూ చెప్పాను. ఆయన తల్లి తరఫునా మాట్లాడలేదు, నా తరఫునా మాట్లాడలేదు. తాపీ పట్టుకుని పనికి వెళ్లిపోయాడు.

పిల్ల మరిచిపోయి నోరు తెరుచుకుని నానమ్మ దగ్గరికి వెళితే వీపు మీద ఒకటి వేసేదాన్ని. ఎవరేం పెట్టినా నోరు తెరవకూడదు, చెయ్యి చాపి తీసుకోవాలి అని నేర్పాను. నాలుగైదు దెబ్బలకు నేర్చుకుంది.

అలా పదేళ్లు నడిచింది. ఊరి తీరు మారింది. ఆయన నగరం ఆ చివరికి వెళ్లి కంప్యూటర్ ఆఫీసులు కట్టాడు. మా గల్లీ పిల్లలు పొద్దున్నే బస్సెక్కి కంప్యూటర్ కోర్సులకు వెళ్లడం మొదలుపెట్టారు. నాకు ఒక పరిశోధనశాలలో గాజుసామాను కడిగే పని దొరికింది. అక్కడ ఒక మేడమ్ ఉండేది, శ్రీకాకుళం వైపు పిల్ల. మొదటి రోజే నన్ను ఆపింది.

“ఏటక్కా, ఒట్టి చేతుల్తో ముట్టేస్తన్నావు?”

నేను చేతులు చాపి చూపించాను. “నాకు మచ్చలు గిట్ల ఏం లేవు మేడమ్.”

“మచ్చలేటి? ఎవరి చెయ్యయినా అంతే. నాదీ అంతే. మన వేళ్ల మీదుండేది తగిలితే వీటిలో పోసే ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోద్ది. గ్లౌజు ఏసుకో.”

అక్కడ అందరి చేతులూ ఒకటే. ఆ మాట ఇంటికి తీసుకెళ్లే తెలివి ఆ రోజు నాకు రాలేదు.

నలభై దాటిన నాకు మధ్యాహ్నం భోజనాల తర్వాత అక్షరాలు నేర్పింది కూడా ఆ మేడమే. ఒక ఎండాకాలం నేను టిఫిన్ డబ్బా మరిచిపోతే నా కూతురు తెచ్చి ఇచ్చింది. అంత ఎండలోనూ నిండు చేతుల చొక్కా. డబ్బా అందిస్తుంటే చెయ్యి బయటపడింది. మేడమ్ చూసింది.

“ఇంట్లో ఇంకెవరికున్నాయక్కా?”

“మా అత్తమ్మకు. ఆమె నుంచే అంటింది.”

“మరి మీ ఆయనకి?”

“ఆయనయి సిమెంటు మచ్చలు.”

మేడమ్ “ఓసారి తీసుకురా” అంది.

మర్నాడు ఆయన వచ్చాడు. మేడమ్ ఆయన చేతులు తిప్పి చూసి, చెప్పులు విప్పించి, పాదాలు చూసింది. “సిమెంటు చెప్పులోపలికెళ్లి వేళ్ల మీద చుక్కలు పెట్టదు కదక్కా” అంది. పదహారేళ్ల కాపురంలో ఆ పాదాలు నేను చూడనివి కావు.

తర్వాత నా పలక ముందు పెట్టి చెప్పింది. ఒంట్లో ఒక అసలు కాగితం ఉంటుందట. ఒళ్లు దానికి నకలు తీసుకుని పని చేస్తుందట. ఆర్‌ఎన్‌ఏ అంటే ఆ నకలే. అసలును ముట్టకుండా, నకలులో అక్కడక్కడ ఒక్కో అక్షరం మార్చే ఎంజైమ్ ఒకటుందట. దాన్ని తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. వీళ్ల ఇంట్లో అందులో ఒకటి చెడి ఉండొచ్చు, అందుకే ఈ మచ్చలు కావొచ్చు అంది. మరి చేతుల మీదా పాదాల మీదే ఎందుకని అడిగితే, అది మాకూ సరిగా తెలీదంది. “ఇది అంటుకునేది మాత్రం కాదక్కా. పుట్టుకతో వచ్చింది.”

చర్మం డాక్టరు కూడా అదే చెప్పాడు. నెత్తురు పరీక్షకు మచ్చలున్న ముగ్గురిదీ కావాలన్నారు. అత్తమ్మను అడగాల్సింది నేనే.

ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

“నా చెయ్యి వద్దన్నవు. ఇప్పుడు నా నెత్తురు కావాల్నా?”

“తప్పయింది అత్తమ్మా.”

“నీకు ఇయ్య. పిల్లకిస్త.”

ఇచ్చింది. కొన్ని నెలలకు జవాబు వచ్చింది, మేడమ్ అనుకున్నదే. చాలా ఏళ్ల తర్వాత ఆవిడ ఫోన్‌లో ఇంకో సంగతి చెప్పింది. ఆ ఎంజైమ్ మరీ దెబ్బతింటే కొందరు పసివాళ్లకు మెదడు జబ్బు వస్తుందట. ఒళ్లు తన సొంత నకలునే వైరస్ అనుకుని దాని మీద పడుతుందట. నా ఒంట్లో అన్ని ఎంజైములూ సరిగానే ఉన్నాయి. అయినా నేను చేసింది ఆ పనే.

జవాబు వచ్చిన రోజు అందరికీ ఒకే రకం కంచాలు పెట్టాను. అత్తమ్మ లేచి వెళ్లి, చుక్క కంచం తెచ్చుకుని కూర్చుంది.

“దీంట్ల అయితేనే నాకు కడుపు నిండుతది. పదేండ్ల అలవాటు.”

“పిల్లకు ఒక ముద్ద పెట్టు” అన్నాను.

అత్తమ్మ నిజమేనా అన్నట్టు నా వైపు చూసింది. పప్పన్నం కలిపి, చిన్న ముద్ద చేసి, పిల్ల నోటి దగ్గర పెట్టింది. పద్నాలుగేళ్ల పిల్ల. నోరు తెరవలేదు. చెయ్యి చాపింది.

ముద్ద కాసేపు అక్కడే ఆగింది. తర్వాత అత్తమ్మ దాన్ని ఆ అరచేతిలో పెట్టి, చుక్క కంచంలోకి తల వంచుకుని తన అన్నం తను తినసాగింది.