బ్లాగు చదివి వచ్చిన మనిషి

మచిలీపట్నంలో ఉంటూ, కలంకారీ గుడ్డముక్కలతో బొమ్మలు చేయడం గురించి బ్లాగు రాస్తాను. మా పాప చిన్నీ ముచ్చట్లు కూడా రాసేదాన్ని. ప్రకటనల ఆదాయం మొదలైన కొత్తలో, ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. కిటికీలోంచి చూస్తే ముక్కూమొహం తెలియని మనిషి.

"మీ బ్లాగు రోజూ చదువుతానండీ. చిన్నీ పడుకుందా?" అన్నాడు నవ్వుతూ.

గడియ తీయకుండా కిటికీలోంచే అడిగాను. "ఇల్లెలా తెలిసిందండీ?"

"ఫొటోల్లో మీ గేటు, వెనక వాటర్ ట్యాంకు కనిపిస్తాయిగా. వెతుక్కుంటూ వచ్చాను. తలుపు తీయండి, పాపని ఒక్కసారి చూసి వెళ్తాను."

పక్కింటి మావయ్యగారిని గట్టిగా కేకేశాను. ఆయన వచ్చేలోపే అతను వెళ్లిపోయాడు.

బ్లాగు మానలేదు. ఇప్పుడు ఫొటోల్లో నా చేతులు, బొమ్మలే ఉంటాయి. అయినా కొత్త కామెంటు వస్తే, చదివేముందు చిన్నీ ఎక్కడుందో చూసుకుంటాను.