ఊడి వచ్చిన గోడ రంగు

మంగళగిరి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, జిగురు లేకుండా అతుక్కునే రబ్బరు పట్టీల మీద పరిశోధన చేస్తున్నాను. బల్లి గోడను పట్టుకున్నట్టే ఇదీ. పట్టీ మీది మెత్తటి పొర సందు లేకుండా గోడను తాకితే చాలు, బరువు మోస్తుంది. ఈ ఎండాకాలం మొదట్లో వినుకొండ దగ్గరి మా ఊరు వెళ్తే, ఆ పట్టీని పిల్లలకు చూపించమని మా పాస్టరు గారు అడిగారు.

"పిల్లలకేంటండి, అందరినీ పిలవండి" అన్నాను గొప్పగా.

సాయంత్రం మిరపకోత నుంచి వచ్చినవాళ్లు కూడా చర్చిలో కూర్చున్నారు. ఈస్టర్ కోసమని అప్పుడే గోడలకు రంగు వేశారు. వేసింది మా బాబాయి. ముందు గోడ మీద నీలి అక్షరాలతో బైబిలు వాక్యం రాసిందీ ఆయనే.

ఆ వాక్యం కిందే పట్టీ నొక్కి, దానికి నీళ్ల క్యాను తగిలించాను. నిలబడింది. చప్పట్లు కొట్టారు. ఇంకా బరువు ఆగుతుందని రెండో క్యాను తగిలించాను.

చర్రున శబ్దం. క్యాన్లతో పాటు చాపంత రంగు ఊడి కిందపడింది. వాక్యంలో సగం దానితోనే పోయింది.

"చూశారా, నా పట్టీ మాత్రం వదల్లేదు!" అన్నాను. నిజమే, పట్టీ రంగును వదల్లేదు. రంగే గోడను వదిలేసింది. ఎవరూ నవ్వలేదు.

"అయ్యో, దేవుడి మాట రాలిపోయిందే" అంది ముందు కూర్చున్న ఒక ముసలమ్మ.

బాబాయి లేచాడు. "గోడ చెమ్మ ఆరకముందే రంగేశానండి. తప్పు నాదే" అన్నాడు పాస్టరు గారితో.

బరువు తగిలించేముందు కింది పొర ఎంత గట్టిగా ఉందో చూసుకోవడం మా పనిలో మొదటి పాఠం. విద్యార్థులకు నేను చెప్పేదే. ఆ మాట అక్కడ అనకుండా, కిందపడ్డ క్యాన్లు తీసి పక్కన పెట్టాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి బాబాయి ఒక్కడే గోడ గీకుతున్నాడు.

"బాబాయ్, తప్పు నాది. నిన్న చెప్పలేకపోయాను."

"తెలుసులేవే. ఆ మూల నుంచి గీకు."

మధ్యాహ్నందాకా మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. తిడితే బాగుండేదనిపించింది.

ఆదివారం ఆరాధనలో లేచి, గోడ పాడైంది నా వల్లేనని, బాబాయిది ఏ తప్పూ లేదని చెప్పాను. "సరేలే, కూర్చోమ్మా" అంది ఆ ముసలమ్మే. కూర్చున్నాను. అందరూ పాట అందుకున్నారు.