బండికి తగిలిన దిష్టి

సర్వీసింగ్ నుంచి వచ్చిన రోజు నా కారు ఎగిరింది. అబద్ధం కాదు. నారాయణఖేడ్ దాటి కంగ్టి రోడ్డు ఎక్కాక కాలు కొంచెం ఆనిస్తే చాలు, ముందున్న ఆటోలన్నీ వెనక్కి పోయాయి. ఆయిల్ మార్చి, ఫిల్టర్లు మార్చి ఇచ్చారు, అంతే. దానికే పాత డీజిల్ బండికి ఇంత ఊపు ఎక్కడిదని అడగాల్సింది. మా అన్న దగ్గరుండి చేయించాడు కదా, ఆయన చెయ్యి మంచిదని మురిసిపోయాను.

నేను కంగ్టి వైపు ఒక చిన్న దవాఖానలో నర్సును. మా ఆయన హైదరాబాదులో పనిచేస్తాడు, ఆదివారాలు వచ్చి పోతాడు. రాని బస్సు కోసం నిలబడి నిలబడి కాళ్ళు పీకి, నలభై దాటాక కారు కొన్నాను. నడపడం నేర్పింది అన్నే. కంది కోసిన చేనులో పక్క సీట్లో కూర్చుని, "గట్ల భయపడితే బండి నీ మాట వింటదా చెల్లె? తొక్కు!" అని గొంతు పోయేదాకా అరిచి నేర్పాడు. ఆ బండి లేకపోతే నేను మళ్ళీ బస్టాండులో చెట్టు కింద నిలబడాలి. అది నాకు చచ్చినా ఇష్టం లేదు.

మర్నాడు ఇటుకల లారీని దాటబోతూ గట్టిగా తొక్కాను. కారు ఒక్క దూకు దూకి, అంతలోనే చచ్చుబడింది. ఇంజన్ ఆగలేదు, బలం పోయింది. మీటర్ల మధ్య పసుపు దీపం వెలిగింది. ఎదురుగా ఇంకో లారీ వస్తోంది. ఎంత తొక్కినా నా బండి ఎద్దులా మొరాయించింది. బ్రేకు కొట్టి ఇటుకల లారీ వెనక్కి ఎట్లా వచ్చి పడ్డానో నాకే తెలియదు. పక్కకు ఆపి, తాళం తిప్పి మళ్ళీ స్టార్ట్ చేస్తే, ఏమీ ఎరగనట్టు మామూలుగా నడిచింది.

సర్వీసింగ్ చేసిన ఖేడ్ మెకానిక్ మా అన్నతో కలిసి చదువుకున్నవాడే. "సెన్సర్ అయ్యుంటది చెల్లె. మెల్లగ నడుపు, ఏం కాదు" అన్నాడు. మెల్లగా నడిపితే నిజంగానే ఏమీ కాదు. గట్టిగా తొక్కితేనే దీపం వెలిగి బండి పడుకుంటుంది. ఆ మాటే చెబితే, నా మొహం చూడకుండా పానా తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మా దిక్కు ట్రాక్టరు మొరాయించినా, బోరు మోటరు కాలినా ముందు నిమ్మకాయ, తర్వాతే మెకానిక్. "దిష్టి తగిలింది చెల్లె. ఆడామె కారు నడుపుతుంటే అందరి కండ్లు నీ మీదనే. బోరంచ గుడికి పోయి పోచమ్మకు కోడినిద్దాం" అన్నాడు అన్న. కోడిని తనే తెచ్చాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు, బంపరుకు మిరపకాయలు కట్టాడు, నల్లపోచమ్మ ముందు నేల మీద సాక నీళ్ళు పోసి, కళ్ళు మూసుకుని, "తల్లీ, నా చెల్లెను సల్లగ చూడు" అని మొక్కాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇట్లాంటి అన్న ఎంతమందికి ఉంటాడు అనుకున్నాను.

తెల్లారి మళ్ళీ అదే దీపం.

"ఇగ అమ్మవారే వద్దంటుంది. నీ పేరు మీద బండి కలిసొస్తలేదు, అమ్మెయ్యి. బస్సుల పోతే ఏంది?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అమ్మవారికి నా బండితో ఏం పగ? సెలవు పెట్టి బీదరు పోయాను.

అక్కడి మెకానిక్ నోట్లో పాన్, నోరు మూత పడని మనిషి. కంప్యూటర్ తగిలించి, "గాలి మస్తు ఎక్కువ కొడుతుంది అక్కా" అన్నాడు. టర్బో ఇంజన్‌లోకి గాలిని నెడుతుందట. ఎక్కువైతే ఒక చిన్న తలుపు తెరుచుకుని ఆ జోరు తగ్గించాలట. అది తెరుచుకోకపోతే బండి ముందు ఎగిరి, తర్వాత ఇంజన్ పాడవకుండా కారే తన బలం కోసుకుంటుందట. ముందు సెన్సర్ మార్చి చూశాడు, గుణం లేదు. పంపుతో గాలి కొట్టి తలుపు చూశాడు, చక్కగా కదిలింది. ఇక మిగిలింది ఆ తలుపు దాకా గాలి మోసే సన్నటి రబ్బరు పైపు. ఊడదీసి వేళ్ళతో నొక్కాడు. మధ్యలో గట్టిగా తగిలింది. కోస్తే లోపల స్క్రూ. అది కదలకుండా పైన కొత్త క్లిప్పు బిగించి ఉంది.

"యారు మాడ్యారక్కా ఇది, ఎవరు చేసిండ్రు? మరిచిపోయింది కాదు, కావాలని పెట్టిండ్రు" అన్నాడు. ఆ స్క్రూ తుడిచి నా చేతిలో పెట్టాడు.

కొత్త పైపు వేయించుకుని నేరుగా ఖేడ్ మెకానిక్ దగ్గరికి వచ్చాను. స్క్రూ అతని ముందు పెట్టాను. అదేంటని కూడా అడగలేదు. "నేనొద్దన్న చెల్లె. మీ అన్ననే పెట్టుమన్నడు. రెండుసార్లు ఆగితే భయపడి అమ్మేస్తది, ఎవ్వరికి ఏం కాదన్నడు."

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

అన్న ఇంటికి పోయి అడిగాను. బుకాయించలేదు. "హోటల్ కాడ కూసుంటే ఏమంటున్నరో ఎరుకేనా? మీ చెల్లె కారు దుమ్ము తింటున్నం అని నవ్వుతున్నరు. నా ఇజ్జత్ పోతుంది."

"నేను లారీ కింద పడితే నీ ఇజ్జత్ నిలుస్తుండెనా?"

"గంత దూరం సోంచాయించలే."

"మరి పోచమ్మ ముందర ఏమని మొక్కినవ్ అన్నా? పైపుల స్క్రూ పెట్టి, చెల్లెను సల్లగ చూడుమని ఎట్ల మొక్కినవ్?"

లోపల వదినె గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

రాఖీ పండుగకు మా అమ్మ పోరితే అన్న ఇంటికి పోయాను. నా కారులోనే పోయాను. రాఖీ కట్టాను, మిఠాయి నోట్లో పెట్టాను. అన్న తల మీద చెయ్యి వేసి దీవించాడు. ఆ చెయ్యి మంచిదని ఒకప్పుడు నమ్మాను. నేను అన్నం తింటున్నంతసేపూ కారు వాళ్ళ వాకిట్లోనే ఉంది, నా ధ్యాసంతా దాని మీదే ఉంది.

బయలుదేరుతుంటే గడప దాకా వచ్చి, "పైలంగ పో చెల్లె" అన్నాడు.

నేను డోర్ తియ్యలేదు. ఆయన చూస్తుండగానే బానెట్ ఎత్తి, ఆ పైపును ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో నొక్కి చూసుకున్నాను. అన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు ఎక్కి బండి తీశాను.