క్లారినెట్ మాస్టారు పట్టుకున్న వరస

క్లారినెట్ మాస్టారికి వాద్యబృందంలో ఇంకో పేరుంది: గ్రహాలాయన. రిహార్సల్ మధ్య పది నిమిషాలు దొరికితే చాలు, వాయిద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని అంతరిక్ష నవలలో తల దూర్చేవాడు. నవలలతో ఆగినా బాగుండేది. రేడియో టెలిస్కోపులు ఆకాశం నుంచి పట్టిన రొదను వేరే లోకాల పిలుపు కోసం జల్లెడపట్టడానికి ఒక పరిశోధనాలయం ఔత్సాహికులను పిలిస్తే అందులోనూ చేరాడు. రోజూ పొద్దున్నే హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆ హోరులో ఒకే తీరుగా మళ్ళీమళ్ళీ వచ్చేది ఏదైనా ఉందేమోనని వినేవాడు. పదకొండేళ్ళు విన్నాడు. ఒకే ఒక్కసారి అలాంటిది దొరికిందనిపించి, కాలు నిలవక ఉత్తరం రాశాడు. అది తమ ఆవరణలో గేటు మోటారు చప్పుడని వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు. బృందమంతా వారం రోజులు ఆటపట్టించింది.

ఆయన భార్య టైలరు. ముందుగదిలోనే ఆమె కుట్టుమిషను.

"ఆకాశం సంగతి సరే, నేను మూడుసార్లు పిలిచాను. అది వినబడిందా మీకు?" అనేది.

ఒక ఆదివారం ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లగా దారికొచ్చాయి గానీ మాట పోయింది. అన్నీ అర్థమయ్యేవి. నోరు తెరిస్తే మాత్రం మూలుగే వచ్చేది. చెప్పబోయి, చెప్పలేక గోడవైపు తిరిగి పడుకునేది. ఆయన కచేరీలు మానేశాడు. వినడమూ మానేశాడు.

ఒక మధ్యాహ్నం ఆయన బట్టలు మడతపెడుతుంటే వెనక నుంచి ఆ మూలుగు. కాసేపటికి మళ్ళీ. మూడోసారి ఆయన చెయ్యి ఆగిపోయింది. గొంతు పైనుంచి కిందికి దిగి, మళ్ళీ కొంచెం ఎక్కుతోంది. మూడుసార్లూ అదే వరస. క్లారినెట్ తీసి ఆ మూడు స్వరాలూ మెత్తగా వాయించాడు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. గబగబా తలూపి కిటికీవైపు చూసింది. ఎండ సూటిగా ఆమె మొహాన పడుతోంది. పరదా లాగాడు. ఆమె నవ్వింది. ఆయనకు ఏడుపొచ్చింది.

మాట పోయినా కొందరిలో పాట మిగులుతుందని, దాని వెంట మాటను రప్పించవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఇక రోజూ అదే పని. ఆయన ఒక వరస వాయించి, అదే వరసలో "నీళ్ళు కావాలి" అని పాడేవాడు. "నీళ్ళు" రావడానికి నెలన్నర పట్టింది. "కావాలి"కి ఇంకో పదిరోజులు. మూడో నెలలో ఆమె తన మీద తనే విసుక్కోవడం కూడా రాగంలోనే మొదలుపెట్టింది. ఆయన హెడ్‌ఫోన్లు మళ్ళీ బయటికి తీశాడు. ఆమె పక్కన కూర్చుని ఒక చెవికి తనూ పెట్టుకునేది. ఆ హోరులో ఇప్పటికీ ఏమీ దొరకలేదు.

మిషను మళ్ళీ తిరిగిన వారం, ఎదురింటావిడ కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. మాస్టారి భార్య కొలత తీసుకుని, ఊపిరి పీల్చుకుని, తాపీగా పాడింది.

"శుక్రవారం... రండి."

ఎదురింటావిడ ఒక క్షణం తెల్లబోయి, తనకు తెలియకుండానే అదే వరసలో "అలాగే... వస్తా" అని పాడేసి వెళ్ళిపోయింది.